ఖాళీ ఇంట్లో రెండు కంచాలు

2022 వేసవిలో నేను చోడవరంలో ఇంటి పన్ను వసూలు చేసే బిల్ కలెక్టర్‌ని. ఎవరూ ఉండని ఇంటికి పన్ను తగ్గించమని యజమాని అడగవచ్చు. దాన్ని వేకెన్సీ రెమిషన్ అంటాం. ఇల్లు నిజంగా ఖాళీగా ఉందో లేదో వెళ్లి చూసి రాయడం నా పని.

నూకరత్నం అనే ఆవిడ దరఖాస్తు తెచ్చింది. తండ్రి ఆమె పేరున రాసిచ్చిన ఇల్లు. భర్త దెబ్బలు తట్టుకోలేక ఏడాది కిందట వేరే ఊరు వెళ్లిపోయింది. భర్త కూడా ఇంటికి తాళం వేసి రావికమతంలో అన్న దగ్గర ఉంటున్నాడని ఆమె విన్నదట. ఇప్పటి చిరునామా రాయాలని చెబితే, పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"బాబూ, ఇది ఇంకెవులైనా సూస్తారా?"

"ఆఫీసు దాటి పోదమ్మా."

రాసింది. తన దగ్గరున్న తాళంచెవి నాకిచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. తాళం తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. నూనె రాసినట్టు తేలిగ్గా తెరుచుకుంది. లోపల నేల ఇంకా తడిగా ఉంది. దండెం మీద ఉతికిన చీరలు. అద్దం ముందు వాడిపోని కనకాంబరాలు. వంటింట్లో రెండు కంచాలు. ఒకదానిలో అన్నం సగం తిని ఉంది. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"సెప్పులు బైట ఇప్పండి బాబూ. దానికి ఇష్టముండదు."

ఉలిక్కిపడి తిరిగాను. పెరటి గుమ్మంలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి. ఆమె భర్త.

"రోజూ వడ్డిస్తన్నాను. వస్తాది," అన్నాడు మెల్లగా. "దాని తాళంచెవి మీ సేతిలో ఉంది. అంటే మీకు కనబడింది. ఎక్కడుందో సెప్పండి, తీసుకొచ్చేస్తాను."

"చెప్పకూడదండీ."

కోప్పడలేదు. ముట్టుకోని కంచం మీద జాగ్రత్తగా మూత పెట్టాడు. "అయితే ఆఫీసుకే వస్తాను."

వచ్చాడు. రోజూ బెంచీ మీద కూర్చుని, వెళ్లేటప్పుడు నాకు నమస్కారం పెట్టేవాడు. ఒకరోజు మా అటెండర్ని, "నోటీసు ఏ ఊరికి పంపిస్తన్నారు? నేనే పోస్టులో ఏసేస్తాను," అని అడిగాడట. ఆ మాట వినగానే మా పంచాయతీ సెక్రటరీ గారికి అంతా చెప్పాను. సెక్రటరీ గారు ఆ దరఖాస్తును తన బీరువాలో పెట్టి తాళం వేశారు. రాయితీ రాదనే నోటీసు పోస్టు చేయవద్దని, నూకరత్నానికి ఫోన్లోనే చెప్పమని అన్నారు.

"ఇల్లు ఖాళీగా లేదమ్మా. ఆయన ఉంటున్నాడు. రాయితీ రాదు."

"నేనెక్కడున్నానో అడిగేడా?"

"అడిగాడు. చెప్పలేదు."

"నేల కడిగి ఉందా బాబూ?"

"తడిగా ఉందమ్మా."

"నన్ను కొట్టిన రోజల్లా అలాగే కడిగీవోడు."

తర్వాత ఆమె పోలీసులకు ఫిర్యాదు చేసి, ఇల్లు ఖాళీ చేయించి అమ్మేసింది. ఆమె ఉంటున్న ఊరు మాత్రం అతనికి తెలియలేదు.

ఒకరి వివరాలు లాగాలని వచ్చేవాడు దొంగలాగో మోసగాడిలాగో కనిపిస్తాడని అంతవరకూ అనుకునేవాణ్ణి. అతను చేతులు కట్టుకుని, ఎంతో ప్రేమగా అడిగాడు. ఇప్పుడు ఎవరైనా "మా వాళ్ల అడ్రసే కదండీ" అంటే, కూర్చోమని చెప్పి, ముందు ఆ వాళ్లకే ఫోన్ చేస్తాను. కొందరు నేను నంబరు నొక్కేలోపే లేచి వెళ్లిపోతారు.