సగం గడ్డం, పోయిన డాలు

మంగలి నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఆ మాటన్నవాణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి మా స్మికోన్ ముందు కూచోబెట్టాలి. ఏథెన్స్ సంతవీధిలో కొట్టు పెట్టుకుని ఊరందరి గడ్డాలూ దిద్దేవాడు స్మికోన్. ఊళ్ళో కబుర్లన్నీ ఆ కొట్లోనే పుట్టేవి, అక్కడే పెరిగి పెద్దవయ్యేవి. అతను మాత్రం "ఊఁ", "తల వంచండి" అనే రెండు మాటలతో బతుకు నెట్టుకొచ్చాడు.

పాపం, మాట పెరిగితే అది చివరికి డాలు దగ్గరికే వచ్చేది. థీబ్స్ వాళ్ళతో యుద్ధానికి డాలుతో వెళ్ళాడు, డాలు లేకుండా తిరిగొచ్చాడు. మాలో శిరస్త్రాణం పోగొట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. నీ బుర్ర, నీ ఇష్టం. డాలు అలా కాదు, వరసలో నీ డాలు కాసేది నీ ఎడమపక్కవాణ్ణి. దాన్ని పారేసి పరిగెత్తావని రుజువైందా, ఇక చచ్చేదాకా సంతవీధిలో కాలు పెట్టనివ్వరు. స్మికోన్ కొట్టేమో సంతవీధి నడిబొడ్డున ఉంది.

"ఏమయ్యా, ఆ డాలు ఏమైందో కట్టుకున్నదానికైనా చెప్పకూడదా?" అని పెళ్ళాం ఫానో అన్నం దగ్గర కూడా పోరేది.

"ఊఁ."

"ఊఁ ఏమిటి ఊఁ, నా మొహం!"

ఎలా చెబుతాడు? నోరు విప్పనని ఇంటిపొయ్యి సాక్షిగా ఒట్టేశాడు. ఆ ఒట్టు వేయించుకున్నది ఎవరనుకున్నారు, ఫానో సొంత అన్న గోర్గోసే. ఆ యుద్ధంలో స్మికోన్ ఎడమపక్క నిలబడ్డవాడు అతనే. మనిషి ధాన్యపు గాదంత ఉంటాడు, నోరు అంతకన్నా పెద్దది. రోజూ పొద్దున్నే వచ్చి, బావ కొట్లో బావ బల్ల మీదే కూచుని, ధైర్యం గురించి ఊరికి పాఠం చెప్పేవాడు.

ఆవేళ కుర్చీలో ప్రొక్సెనోస్ ఉన్నాడు. పనీపాటా లేని మనిషి, ఎవరేం చెప్పినా కాదనడమే అతని వ్యాపారం.

"ధైర్యమంటే నిలబడ్డచోట నిలబడటం, అంతే!" అన్నాడు గోర్గోస్ తొడ చరిచి.

"ఆహా! మా వీధి గాడిద నిన్న బండికి అడ్డంగా నిలబడింది. కర్ర విరిగింది గానీ అది కదల్లేదు. దానికో దండ వేద్దామా?"

"సరేలే, భయం లేకపోవడం అనుకో."

"మా తమ్ముడు విందులో తాగొచ్చి తేనెపట్టుని ముద్దుపెట్టుకున్నాడు. రవ్వంత భయం లేదు వాడికి. పోయి వాడి మూతి చూసిరా."

"అబ్బబ్బ! అయితే కష్టాన్ని ఓర్చుకోవడం."

"మా ఆవిడ పెట్టే పప్పుపులుసు పెళ్ళైననాటి నుంచీ ఓర్చుకుంటున్నాను. నా దండేదీ?"

కొట్టంతా ఘొల్లుమంది. స్మికోన్ కూడా మీసాల చాటున నవ్వుకున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి హెర్మోన్ వచ్చాడు. ఎదురుగా కొట్టు పెట్టుకుని ఈగలు తోలుకునే మంగలి. వెంట ఇద్దరు సాక్షుల్ని తెచ్చుకున్నాడు.

"స్మికోన్! డాలు పారేసినందుకు నీ మీద ఫిర్యాదు పెట్టాను. పద న్యాయాధికారి దగ్గరికి."

"నా గడ్డం?" అని కెవ్వుమన్నాడు ప్రొక్సెనోస్. ఒక్క కుడిపక్కే దిద్దడం అయింది. ఎడమపక్క మేక తోకలా వేలాడుతోంది. "పోనీ నేను దిద్దనా?" అన్నాడు హెర్మోన్ ఆశగా. "ఛీ, పో!"

విచారణరోజు దాకా ప్రొక్సెనోస్ ఆ సగం గడ్డంతోనే తిరిగాడు. ఆరోజు కూడా దాన్ని వేసుకునే వచ్చి జనంలో ముందు నిలబడ్డాడు.

"పారిపోతున్నప్పుడు వీడి చేతిలో డాలు లేదు. నా కళ్ళారా చూశాను!" అని అరిచాడు హెర్మోన్.

"నువ్వెక్కడున్నావప్పుడు?" అని అడిగాడు ప్రొక్సెనోస్.

"కాస్త ముందు."

"శత్రువెక్కడ?"

"వెనకాల."

తీర్పరులు బల్లలు చరిచి నవ్వారు. హెర్మోన్ తొణకలేదు. "పరిగెత్తాను, అయితే ఏంటట? అందరం పరిగెత్తాం. నా డాలు మా ఇంట్లో గోడకి వేలాడుతోంది. వాడిదేదీ? చెప్పమనండి!"

నవ్వులు ఆగిపోయాయి. స్మికోన్ లేచి నిలబడ్డాడు. అతని వంతుకి పెట్టిన నీళ్ళకుండ కారడం మొదలైంది. ఆ నీళ్ళు అయిపోయేలోపు చెప్పాలి, తర్వాత నోరెత్తడానికి లేదు. కొట్టు కళ్ళముందు మెదిలింది. అద్దం, కుర్చీ, అందరి కబుర్లూ. అవి లేకపోతే తను ఎవరికేమవుతాడు?

"డాలు పోయింది. ఎలా పోయిందో చెప్పను. ఒట్టేశాను," అన్నాడు.

"అంతేనా?" అన్నాడు న్యాయాధికారి.

"ఊఁ."

కుండలో నీళ్ళు చుక్కచుక్కా పడుతున్నాయి. స్మికోన్ జనంలోకి చూడలేదు. చూస్తే గోర్గోస్ మొహం కనబడుతుందని, కనబడితే ఒట్టు తీసేయమని అడుగుతానేమోనని భయం.

"ఆపండెహె!"

గోర్గోస్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చెమటలు కారిపోతున్నాయి. బల్లేలకి కూడా ఇంత వణికి ఉండడు.

"వాడు డాలు పారేయలేదు. అది... అది నా కింద విరిగింది."

"నీ కింద అంటే?"

"నా పిర్రల కిందయ్యా, ఇంకెక్కడ!" అని బావురుమన్నాడు గోర్గోస్. "కుందేలు బొరియలో కాలుపడి మడమ మెలితిరిగింది. అమ్మా అని ఏడుస్తూ కూలబడ్డాను. అందరూ పోయారు, ఈ హెర్మోన్ గాడు నన్ను దాటుకునే పోయాడు. బావ ఒక్కడే ఆగాడు. డాలు గుంటవైపు పైకి తిప్పి, నన్నందులో కూచోబెట్టి, వాగుదాకా ఈడ్చుకొచ్చాడు. ఒడ్డున నా బరువుకి అది ఫెళ్ళుమని రెండు ముక్కలైంది. ఇంటికి చేరగానే నేనే ఒట్టేయించుకున్నాను. నవ్వుతారని!"

నవ్వారు. అబ్బో, అలా ఇలా కాదు. ఒక ముసలి తీర్పరి బల్ల మీంచి కిందపడ్డాడు. గోర్గోస్ మాత్రం మొహం కందగడ్డలా చేసుకుని, ఆ నవ్వంతా అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఓట్లు లెక్కపెట్టి స్మికోన్ తప్పేమీ లేదనేసరికి హెర్మోన్ కనబడలేదు.

మర్నాడు ప్రొక్సెనోస్ రెండో సగం గడ్డానికి వచ్చి కూచున్నాడు. కాసేపటికి గోర్గోస్ కూడా వచ్చాడు. వీధి పిల్లలంతా "డాలు విరగ్గొట్టినోడా!" అంటూ అతని వెంటే గుమ్మందాకా వచ్చారు. అతను బల్ల మీద కాకుండా ఓ మూల నేలమీద కూచుని, ఎన్నడూ లేనంత మెల్లగా అన్నాడు.

"ధైర్యమంటే ఏంటో రాత్రంతా ఆలోచించాను బావా. నవ్వుతారని తెలిసి కూడా లేచి నిలబడటం... అనుకుంటా."

ప్రొక్సెనోస్ కళ్ళు మెరిశాయి. "అయితే మా వీధిలో ఒక తాగుబోతు రోజూ..."

కత్తి అతని గొంతు దగ్గర ఆగింది.

"అయ్యా," అన్నాడు స్మికోన్, "నోరు మూసుకోండి. కత్తి జారుతుంది."