తలుపు పక్కన సువార్తమ్మ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడం నా వృత్తికి కూడా అవసరమే. ఆళ్లగడ్డలో చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాను. పెళ్లి ఫోటోలో వెనకాల తెల్లగా ఏదో ఆకారం కనపడుతోందని, పోయిన అవ్వ వచ్చి నిలబడిందని ఆల్బం పట్టుకుని పరుగెత్తుకొచ్చినవాళ్లు ఎంతోమంది. చూస్తే ఫ్లాష్ వెలుగు అద్దానికి తగిలి ఉండేది. లేకపోతే రీలు సరిగా తిరగక ఒక ఫోటో మీద ఇంకోటి పడి ఉండేది. కూర్చోబెట్టి, టీ తెప్పించి, అదెలా జరిగిందో చూపించి పంపేవాణ్ని. కొందరు తేలికపడి వెళ్లేవాళ్లు. కొందరు మాత్రం, వచ్చింది అవ్వ కాదని తెలిసి దిగులుపడేవాళ్లు.

సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేశాను. నంద్యాలలో ఒక విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత ఫోటోలను కంప్యూటర్లోకి ఎక్కించే పని దొరికింది. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం చాగలమర్రి బస్సులో వచ్చి ఆళ్లగడ్డలో దిగడం. ఇష్టమైన పనే.

ఒకప్పుడు నంద్యాలలో క్రైస్తవ మిషనరీ దొరలు నడిపిన ఒక అచ్చాఫీసు ఉండేది. అది మూతపడ్డాక అందులోని సామానంతా చేతులు మారి మారి చివరికి మా మ్యూజియానికి చేరింది. చెక్కలో చెక్కిన బొమ్మల అచ్చులు, పిల్లల వాచకాలు, ఆదివారం బడిలో పంచే రంగు కార్డులు, గోడ క్యాలెండర్లు, కీర్తనల కరపత్రాలు. ఇప్పటికీ వాటిని పెట్టిన బీరువా తలుపు తీస్తే సిరా వాసన వస్తుంది. వాటితోపాటే కొన్ని ఫోటోలు, ఒక అట్టపెట్టెలో గాజు నెగటివ్‌లు. ఎప్పుడో వాన నీళ్లు దిగి, ఆ గాజు పలకలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే ఇటుకలాగా ఉండేవి. బలవంతంగా విడదీస్తే బొమ్మ ఊడిపోతుంది. అందుకని వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఫోటోల్లో ఒకటి అచ్చాఫీసు పనివాళ్లది. వసారా ముందు తీసింది. అక్షరాలు పేర్చేవాళ్లు, మిషను తిప్పేవాళ్లు ముందు వరుసలో బల్లల మీద కూర్చున్నారు. వాళ్ల వెనక, తలుపు దగ్గర, అచ్చయిన కాగితాలు మడిచి పుస్తకాలు కుట్టే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరి మొహాలూ స్పష్టంగా ఉన్నాయి, ఒక్కరిది తప్ప. తలుపు పక్కనున్న ఆమె మొహం ఉండాల్సిన చోట తెల్లటి మసక ఉంది. ఆ కాలంలో కెమెరా మూత తీసి మళ్లీ పెట్టేదాకా ఎవరూ కదలకూడదు. ఆమె కదిలింది. అంతే. అందులో వింతేమీ లేదు.

మ్యూజియం చూసుకునే మేడం చరిత్ర ప్రొఫెసరు. ఆ ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎక్కడా లేవని, ఆ పనివాళ్ల పిల్లలో మనవళ్లో మీ ఊళ్లో ఉంటారేమో అడగమని, పెద్ద సైజు ప్రింటు తీసి నా చేతికిచ్చింది. ఒక ఆదివారం చర్చి ముగిసే వేళకు వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. ఇద్దరు ముగ్గురు చూసి తెలియదన్నారు. తర్వాత దీనమ్మ అనే రిటైరైన టీచరు ఆ ప్రింటు చేతిలోకి తీసుకుంది. చూస్తూ చూస్తూనే ఆమె కళ్లు చెమర్చాయి.

"ఇది అచ్చాఫీసుదే గదన్నా? మా అమ్మ బతుకంతా ఈ ఫోటో కోసరమే అడుగుతాండాది. ఇంటికి రా" అంది.

వాళ్లిల్లు శిల్పాలు చెక్కే షెడ్లకు వెనక సందులో. ఉలి చప్పుళ్లు ఇంట్లోకి వినపడుతూనే ఉంటాయి. దీనమ్మ తల్లి ఎస్తేరమ్మ వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. చూపు పోతూ ఉంది. కళ్ల మధ్యలో ఏమీ కనపడదు, అంచుల్లోంచి మాత్రం కొంచెం తెలుస్తుందట. ఆ కొంచెం కూడా ఎక్కువ కాలం నిలవదని, చేయగలిగిందేమీ లేదని డాక్టర్లు చెప్పేశారట.

దీనమ్మ నాకు సంగతి చెప్పింది. తొలి కాన్పులో ఎస్తేరమ్మను కన్న పూటే ఆమె తల్లి సువార్తమ్మ చనిపోయింది. సువార్తమ్మ ఆ అచ్చాఫీసులోనే పుస్తకాలు కుట్టేది. నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పెళ్లీడుకొచ్చాక ఎస్తేరమ్మ ధైర్యం చేసి, అమ్మ ఎట్లుండేదని నాయనను అడిగిందట. ఆయన, అచ్చాఫీసు ఫోటోలో తలుపు పక్కన ఉంటుంది, కానీ మొహం పడలేదు, అని మాత్రం చెప్పి లేచి వెళ్లిపోయాడట. తల్లి గురించి ఎస్తేరమ్మకు తెలిసింది ఆ ఒక్క మాటే.

నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. తల్లి మొహం కోసం ఎదురుచూసిన మనిషికి, మొహం లేని ఫోటో ఇవ్వబోతున్నాను.

"అవ్వా, మీ అమ్మ ఉంది. మొహం మాత్రం సరిగ్గా లేదు" అని ముందే చెప్పాను.

"ఉన్నకాడికే సూస్తా. ఇయ్యి నాయనా" అంది.

పేర్లేమైనా చెబుతుందేమో, తర్వాత రాసుకోవచ్చని ఫోన్లో రికార్డింగ్ పెట్టి మంచం మీద ఉంచాను. ఎస్తేరమ్మ ప్రింటును ఒళ్లో పెట్టుకుని, తల పక్కకు తిప్పి, కంటి కొసలోంచి చూసింది. నేను వేలితో తలుపు చూపించబోయాను. అక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది.

"నవ్వుతాండాది" అంది. "పైట కొంగు పండ్లతో కరిచి పట్టుకోని నవ్వుతాండాది సూడే దీనా."

దీనమ్మ నా వైపు చూసింది. నేను ప్రింటు వైపు చూశాను. మసక తప్ప ఏమీ లేదు.

"అయ్యో, ఒక చెవికే కమ్మ ఉండాదే! రెండోది యాడ పారేసుకున్యాదో మా అమ్మ."

"ఆడ మొగమే ల్యాదమ్మా" అంది దీనమ్మ, నొప్పించకుండా.

"నీకు కనపడల్యా ఏందీ? ఎడమ పక్క కమ్మ ఉండాది, కుడి పక్క ఉత్త చెవి." ఆమె గొంతులో అనుమానం గానీ, పట్టుదల గానీ లేవు. మన ఎదురుగా కూర్చున్న మనిషి గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

ప్రింటు ఆమెకే వదిలేసి, రికార్డింగ్ ఆపుకుని వచ్చేశాను.

మరుసటి రోజు మేడంతో చెబితే, "ఖాళీ జాగా ఉంటే మనసు నింపుకుంటుంది, పాపం" అంది. నేనూ అదే అనుకున్నాను. దిగులుపడిన మనుషులు ఫోటోల్లో ఏమేం చూస్తారో నాకు తెలియంది కాదు. అయినా ఒకసారి భూతద్దం పెట్టి అసలు ఫోటోను వెతికాను. మసకలో కన్ను లేదు, ముక్కు లేదు, చెవి అసలే లేదు.

కొన్ని నెలలకు, పాత గాజు నెగటివ్‌లను బాగుచేయడం తెలిసిన ఒకామె హైదరాబాదు నుంచి వచ్చింది. ఆ అతుక్కుపోయిన పలకలను రోజుల తరబడి తేమలో ఉంచి, ఓపికగా ఒక్కొక్కటే విడదీసింది. కొన్నిటి మీద బొమ్మ పూర్తిగా పోయింది. మిగిలినవాటిని ఆరబెట్టి నాకిచ్చింది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, వాటిని ఒక్కొక్కటిగా కింద లైటున్న గాజు బల్ల మీద పెట్టి చూస్తున్నాను. ఒక పలకలో అదే వసారా, అదే బల్లలు, అదే మనుషులు కనిపించారు. మొదటిసారి ఎవరో కదిలారని ఫోటోగ్రాఫరు రెండోసారి తీసినట్టున్నాడు. కానీ ఈసారి ముందు వరుసలో మధ్యలో కూర్చున్న పెద్దమనిషి తల తిప్పాడు. ఆయన మొహం చెడింది కాబట్టి దీన్ని పక్కన పడేసి, మొదటిదాన్నే ప్రింటు వేసి ఉంటారు. కుట్టుపని ఆడమనిషి మొహం పోతే ఎవరికి పట్టింది.

నెగటివ్‌లో మొహాలు నల్లగా, నీడలు తెల్లగా ఉంటాయి. నాకు వాటిని చదవడం అలవాటే. తలుపు పక్కన చూశాను. నోటి దగ్గర బట్ట మడత ఒకటి కనిపించింది. స్కానర్లో పెట్టి, తెర మీద తెలుపు నలుపులు మార్చాను.

ఇరవై ఏళ్లు కూడా ఉండని అమ్మాయి. పైట కొంగును పళ్లతో పట్టుకుని ఉంది. నవ్వు ఆపుకోలేక కళ్లు చిన్నవైపోయి ఉన్నాయి. ఎడమ చెవికి కమ్మ. కుడి చెవికి ఏమీ లేదు.

మేడంను పిలిచాను. ఆమె వచ్చి తెర ముందు నిలబడింది. "ఆ రోజు రికార్డు చేశావన్నావు కదా, పెట్టు" అంది. పెట్టాను. ఆ గదిలో, నవ్వుతున్న ఆ చిన్న పిల్ల మొహం ముందు, ఆమె కూతురు, ఎనభై దాటిన ఎస్తేరమ్మ గొంతు వినిపించింది. "రెండోది యాడ పారేసుకున్యాదో మా అమ్మ." మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. మా ఇద్దరికీ భయం వేయలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

ఆ ఆదివారమే మంచి ప్రింటు తీసుకుని వెళ్లాను. అప్పటికి ఎస్తేరమ్మకు వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. దీనమ్మ ప్రింటు చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తర్వాత అద్దం దగ్గరికి వెళ్లి తన మొహం చూసుకుని వచ్చింది. ఆ నవ్వే కళ్లు దీనమ్మవే.

"అవ్వా, ఈ ఫోటో నువ్వు ముందెప్పుడన్నా చూసినావా? ఎవరన్నా నీకు చెప్పినారా?" అని అడిగాను.

"ఎవురు జెప్తారు నాయనా? ఆ పొద్దు నువ్వు తెచ్చిన కాయితంలోనే సూసినా. నీ ముందరే గదా."

ఆమెకు ఫోటోను వివరించడం మొదలుపెట్టాను. కొంగు, కమ్మ, నవ్వు. అన్నిటికీ తల ఊపింది, తెలిసిన సంగతులే కదా అన్నట్టు. రెండోసారి ఆడవాళ్లు కొంచెం ఎడంగా జరిగి నిలబడ్డారు. అందుకే మొదటి ఫోటోలో కనపడనిది ఇందులో ఒకటుంది.

"మీ అమ్మ కడుపుతో ఉందవ్వా. నిండుగా కనపడుతోంది. కడుపు మీద చెయ్యేసుకుని నిలబడింది."

ఇది ఆమెకు తెలియదు. ఆమె మొహంలో అది స్పష్టంగా కనిపించింది. ఎస్తేరమ్మ చెయ్యి చాచింది. ఆ చేతిని పట్టుకుని, ఫోటోలో ఆ చోట ఆమె వేలు ఆనించాను. వేలు అక్కడే ఉంచి చాలాసేపు కూర్చుంది. బయట ఉలి చప్పుళ్లు సాగుతూనే ఉన్నాయి.

"అట్లయితే నేనూ ఉండాను గదా దీంట్లో" అంది చివరికి. "మా అమ్మా నేనూ కలిసి ఫోటో దిగినాం."

ఆ గాజు పలక అచ్చాఫీసు వదిలాక అతుక్కుని మూసి ఉన్న పెట్టెలోనే ఉంది. అంతకు ముందు ఎవరో ప్రింటు తీసి ఉండొచ్చు, ఎప్పుడో ఎవరో ఆమె చిన్నతనంలో కమ్మ సంగతి అని ఉండొచ్చు, ఆమె మరిచిపోయి ఉండొచ్చు. ఇవన్నీ నేనే నాకు చెప్పుకున్నాను. ఏదీ నాకు సరిపోలేదు. మసక తప్ప ఏమీ లేని కాగితంలో, చూపు పోతున్న ఆ మనిషి ఏం చూసిందో, ఎలా చూసిందో నాకు తెలియదు. నేను మాత్రం మ్యూజియంలో ఆ ఫోటో కింద పేర్లు టైపు చేసేటప్పుడు, మేడంను అడిగి, తలుపు పక్కన నిలబడిన మనిషి దగ్గర రెండు పేర్లు పెట్టాను. సువార్తమ్మ, ఎస్తేరమ్మ.