అడ్డంగా ఊపిన అవును

ఇది ఏడేళ్ళుగా మోస్తున్నాను. బరువు గుండె మీద ఉంటుందని అందరూ అంటారు. నాది మెడ మీద ఉంది. ఎవరు తల ఊపినా నా మెడ పట్టేస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆ వెసులుబాటుతోనే చెబుతున్నాను.

కెనడాలోని విన్నిపెగ్‌లో అప్పుడు ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది. చదువు ముగించి, వర్క్ పర్మిట్ మీద ఒక ఇండోర్ సాకర్ హాల్లో, ముందు బల్ల దగ్గర పార్ట్‌టైంగా కూర్చునేదాన్ని. బూట్లకంటిన మంచు దులుపుకోమని పిల్లలకు చెప్పడమే నా ఉద్యోగంలో ముఖ్యభాగం. పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, ఫుల్‌టైం ఉద్యోగం కావాలి. పర్మిట్‌లో మిగిలిన నెలలు తక్కువ.

అక్కడ పిల్లలకు ఆట నేర్పేవాడు స్తోయాన్, బల్గేరియా వాడు. వాళ్ళ దేశంలో పన్నెండేళ్ళు రెండో డివిజన్‌లో డిఫెండరు. పై డివిజన్‌లో ఒకే ఒక్క మ్యాచ్, అదీ చివరి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల గురించి గంటసేపు చెప్పగలడు. మోకాలు దెబ్బతిన్నాక ఇక్కడికొచ్చాడు. పగలంతా వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి, సాయంత్రం మా హాల్లో విజిల్ మెడలో వేసుకోగానే రెండంగుళాలు పొడుగయ్యేవాడు. ఆటలో అతనికి మిగిలింది ఆ విజిలే.

బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవును, నిలువుగా ఊపితే కాదు. అతనే చెప్పాడు. మన ఊపు అటూ ఇటూ కాని బాపతని నేను చేసి చూపిస్తే పడీపడీ నవ్వాడు. ఆచితూచి ఊపినప్పుడు ఇక్కడి పద్ధతే పాటించేవాడు. సంతోషం తన్నుకొస్తే మాత్రం అతని తల సొంత దేశానికి వెళ్ళిపోయేది. ఆ హాల్లో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఆ డిసెంబరులో మేనేజరమ్మ నాతో ముందే చెప్పింది: ఒక్క ఫుల్‌టైం పోస్టే ఉంది, కోచ్‌గా స్తోయాన్‌ని అడుగుతాను, అతను వద్దంటే నీకే. చెప్పి, నేను చూస్తుండగానే మైదానం అంచుకు వెళ్ళి అడిగింది. అతని నోట్లో విజిల్. చుట్టూ పిల్లల గోల. కళ్ళు మెరుస్తుండగా తల అడ్డంగా ఊపాడు, రెండు మూడుసార్లు, గట్టిగా. వెంటనే బంతి వెనక పరుగెత్తాడు.

ఆమె తిరిగొచ్చి, "వద్దన్నాడు. పాపం, మొహమాటానికి నవ్వాడు," అంది.

నేనేం చేశాను? తల ఊపాను. మన పద్ధతిలో.

ఒక్క మాట సరిపోయేది. కంప్యూటర్‌లో లేని పని వెతుక్కున్నాను. భయమా? ఆశా? లేక అతను నిజంగానే వద్దన్నాడేమో అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన మాటలో పిసరంతైనా నిజముందా? లేదు. నిలువునా ముంచాను. అడ్డంగా దొరకలేదు, అంతే.

లెటర్ చేతికొచ్చిన రోజు మా రూమ్మేటు, వరంగల్ పిల్ల, పకపకా నవ్వింది. "ఏం సాకర్ మేడం! బంతికి మూలలుంటయో ఉండవో తెల్వకున్నా ఫుల్‌టైం కొట్టినవ్ గదనే!"

మర్నాడు స్తోయాన్ బల్ల దగ్గరికొచ్చాడు.

"ఫుల్‌టైం అన్నారు. నేను ఒప్పుకున్నాను కదా. ఏమైంది?"

"బడ్జెట్ అట."

"నా మోకాలు చూసి కాదు కదా?"

"కాదు, కాదు."

"మరి వయసా?"

"నాకు తెలియదు, స్తోయాన్."

నేనన్న వాటిలో "కాదు, కాదు" ఒక్కటే నిజం. అదొక్కటే అతను నమ్మలేదు. వంగి మోకాలు తడుముకున్నాడు. అభిమానం గలవాడు, మేనేజరమ్మను అడగలేదు. నెలాఖరుకి మానేశాడు. రెజైనాలో ట్రక్కు నడుపుతున్నాడని తర్వాత విన్నాను. ఆట జోలికి మళ్ళీ పోలేదట.

నాకు పీఆర్ వచ్చింది. వెతికితే అతని నంబరు దొరుకుతుంది. వెతకలేదు. ఇది చదివి మీరు నన్ను క్షమిస్తే అది మీ మంచితనం, నా లెక్కలోకి రాదు. తనను ఆటకు దూరం చేసింది తన కాలేనని అతను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు. ఆ కాలి తప్పేమీ లేదు. తప్పు నాదే. రెండే మాటలు. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

రాసేశాను.