చల్లారిన చౌమీన్

బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో కళ్ళు మూసుకుని ప్రార్థించి, క్యారేజీ విప్పాను. పక్కనే లోకో షెడ్డు బట్టల్లో ఉన్న పెద్దాయన, నేను ఆమెన్ అనేదాకా తోపుడు బండి దగ్గర కొన్న తన చౌమీన్ నూడుల్స్ ముట్టకుండా ఆగి, అప్పుడు చెంచా తీశాడు.

"దేవుడిచ్చిన ఒంట్లోకి బండి మీది చెత్త వేయడం పాపమండీ," అన్నాను. సంఘంలో నేను ఎప్పుడూ చెప్పే మాటే.

"అచ్ఛా. ఇంటికాడ వండీవోలు నేరు బాబూ. మీ డబ్బాలోది ఓ ముద్ద ఎట్టండి, ఇది పారీస్తాను," అని నవ్వాడు.

"నేనింకా చాలా దూరం వెళ్ళాలండీ," అంటూ క్యారేజీ దగ్గరకు లాక్కున్నాను.

ఆయన నవ్వు ఆపి, అటు తిరిగి తిన్నాడు.

రైలెక్కాక క్యారేజీ విప్పి, తినకుండానే మళ్ళీ మూసేశాను. అన్నం తర్వాతి స్టేషన్ గతౌరా దగ్గరే కిటికీలోంచి పారబోశాను. ఇప్పటికీ భోజనం ముందు కళ్ళు మూసుకుంటే, నా ప్రార్థన కోసం ఆగి చల్లారిపోయిన ఆ ప్లేటే కనిపిస్తుంది.