బండికి చెప్పిన మొదటి అబద్ధం

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో చలి ఎట్లుండేదంటే, చాయ్ కూడా పొయ్యి దిగనని మారాం చేసేది. నమ్మకపోతే మానెయ్యండి. కోతలు కోస్తానని నాకెట్లాగూ పేరుంది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఈ ఒక్కసారికి నిజమే చెబుతాను.

నేను మూడో క్లాసులో ఉన్న యేడు వానాకాలంలో మా అమ్మ పోయింది. అప్పటి నుంచి నేను మాట్లాడటం మానేశాను. మొండితనం కాదు. వినే మనిషి లేనప్పుడు గొంతు విప్పడం దండగనిపించేది. నాన్న తెల్లారకముందే డ్యూటీకి పోయేవాడు. పిల్ల ఇట్లాగే నోరు మూసుకుని ఉంటే వచ్చే నెల నుంచి క్లాసులో ఉంచుకోలేమని బడివాళ్లు ఆయనకు చెప్పేశారు.

బడి పంజాగుట్టలో. మా పై వాటాలో ఉండే చాచాకు అక్కడే టైలరు దుకాణం. పొద్దున నన్ను మోటార్‌సైకిల్ మీద దింపే పని ఆయన నెత్తిన వేసుకున్నాడు. ఎండాకాలం ఒక్క కిక్కుకే లేచే ఆ బండి, చలికాలం వస్తే అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడే.

ఒకరోజు చాచా పది కిక్కులు కొట్టాడు, ఇరవై కొట్టాడు. ఆయన నోట్లోంచి పొగలొస్తున్నాయి గానీ బండికి రావడం లేదు. బడి వేళ దాటిపోతోంది.

"ఫికర్ చేయకు బేటా. దీనికి సర్ది అయింది. జర ఓ అబద్ధం చెప్పు, గరం అయితది. నిజం చెప్తే లేవదు, మస్తు నఖ్రాల బండి."

నేను తల అడ్డంగా ఊపాను.

"నన్నేం చెప్పమంటవ్? నా అబద్ధాలన్నీ మీ చాచీ కాడనే ఖర్చయినయ్."

చివరికి హెడ్‌లైటు దగ్గరికి వంగాను. నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది.

"మా అమ్మ కిటికీల నిలబడి నన్ను చూస్తున్నది."

చాచా నవ్వలేదు. మూసి ఉన్న మా కిటికీ వైపు తిరిగి, చెయ్యెత్తి సలాం చేశాడు. ఆ తర్వాతి కిక్కుకే బండి లేచింది.

దారంతా ముక్కూ చెవులూ నావి కానట్టే ఉన్నాయి, వేళ్లు కొంకర్లు పోయాయి. కానీ ఇంజను వేడి పిక్కలకు తగులుతుంటే దిగాలనిపించలేదు. చలిగాలి ఆగడానికి చాచా స్వెట్టరు లోపల ఉర్దూ పేపరు పెట్టుకునేవాడు. బడి గేటు దగ్గర దాన్ని బయటికి లాగి, "చూడు, ఖబర్లన్నీ గరం గరం," అన్నాడు.

ఇక రోజుకో అబద్ధం. హుస్సేన్‌సాగర్ గడ్డకట్టిందనీ, దాని మీద బర్రెలు జారుతున్నాయనీ బండికి చెప్పేదాన్ని. బండి వినగా మిగిలినవి క్లాసులో పిల్లలు విన్నారు, తర్వాత టీచరమ్మ కూడా. నన్ను బడిలోనే ఉంచుకున్నారు.

పెద్దయ్యాక, ఆడపిల్లకు మోటార్‌సైకిల్ ఎందుకని అందరూ అంటే, పంతం కొద్దీ నేనూ ఒక పాత బండి కొన్నాను. చలిలో ముందుగా తాళం తిప్పకుండానే నాలుగైదు కిక్కులు కొట్టి, ఇంజను కదిలాక తాళం తిప్పాలని మెకానిక్కు నేర్పాడు. నా కాలు కిక్కు మీదే ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి అబద్ధం చెప్పిన ఆ రోజు చాచా నాలుగైదుతో ఆపలేదు. ఇరవై కిక్కులూ తాళం తిప్పకుండానే కొట్టాడు. నేను మాట్లాడేదాకా తిప్పలేదు. అడుగుదామంటే అప్పటికే ఆయనా పోయాడు.

ఇప్పటి నా బండికి కిక్కే లేదు, బొటనవేలితో నొక్కితే చాలు. జనవరి పొద్దున అపార్ట్‌మెంటు సెల్లార్లో నేనూ, ఆ బండీ తప్ప ఎవరూ ఉండరు. అయినా నొక్కేముందు వంగి దానికి ఒక మాట చెబుతాను.

"చాచా ఎనక కూసున్నడు."

చెప్పి, ఆయనకు చోటు సరిపోయేలా సీటు మీద కాస్త ముందుకు జరుగుతాను.