మూడో అంతస్తులో బర్రెల కొట్టం

ఆ రోజుల్లో నాకు రాని విద్య ఏదైనా ఉందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. ఇరవై రెండేళ్ల వయసు, కంప్యూటర్ డిగ్రీ, పైగా సొంత లాప్‌టాప్. (సొంతమంటే, మా అన్న ఆటలాడుకోవడానికి సెకండ్ హ్యాండ్‌లో కొని, మా అమ్మ చీపురు అందుకోవడంతో నాకు దానం చేసినది.) అది మామూలు లాప్‌టాప్ కాదు. బియ్యం మూటంత బరువు. ఆన్ చేస్తే మీటల కింద ఎర్ర లైట్లు వెలిగేవి, ఫ్యాను గ్రైండర్‌లా మోగేది. అన్నింటికంటే గొప్ప సంగతి, కీబోర్డుకు ఎడమ అంచున, అందరికీ ఉండే మీటలకు అవతల, నిలువుగా అయిదు మీటలు అదనంగా ఉండేవి. ఆటల్లో ఒక్క నొక్కుతో పది బాణాలు పోవడానికి వాటిని పెట్టారట. మనకు బాణాలతో పని లేదు గాని, ఆ మీటలకు మనం ఏ పని చెబితే ఆ పని చేస్తాయని, ఒక పేరా రాసి అప్పగిస్తే ఒక్క నొక్కుతో పేరా మొత్తం దించేస్తాయని కనిపెట్టిన రోజు నేను నేల మీద నడవలేదు.

అప్పుడే వరంగల్ సుబేదారిలో, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుటి దుకాణాల వరుసలో, ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర పనికి కుదిరాను. ఆయన్ని అందరూ రైటర్ సాబ్ అనేవారు. కుదిరానంటే పూర్తిగా కాదు. "వారం దినాలు చూస్త. మా అత్తమ్మ లెక్క టైపు కొడితే ఉంటవు, లేకుంటే నీ తొవ్వ నీది" అన్నారు. అత్తమ్మ అంటే ఆయనకు అత్తగారు కాదు, ఎవరికీ కాదు. ముప్పై ఏళ్లుగా ఆ దుకాణంలో టైపు చేస్తున్న మనిషి, వరుసలో అందరికీ అత్తమ్మే. మోకాళ్ల నొప్పులతో ఆమె ఇక మానుకుంటానంటోంది, ఆమె కుర్చీ ఖాళీ అవుతుంది, ఆ కుర్చీ నాకు కావాలి. మా ఇంట్లో అప్పటికే "చదివి ఇంట్ల కూసున్నది" అని చుట్టాలు మొదలుపెట్టారు. నా మొదటి నౌకరి ఆ వారం మీద ఆధారపడి ఉంది.

అత్తమ్మ టైపు చేస్తుంటే చూడాలి. కీబోర్డు వంక చూడదు, తెర వంకా చూడదు. ఎదురుగా కూర్చున్న పార్టీ మొహంలోకి చూస్తూ (కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ మా దగ్గర పార్టీలంటారు) "అవునా బిడ్డా, మరి ఆ వాకిలి ఎటుదిక్కు?" అని ముచ్చట పెడుతూ ఉంటుంది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఈమెకు పనికంటే ముచ్చట్లే ఎక్కువని అప్పట్లో అనుకున్నాను. నా తెలివి అంతటిది.

నా వారంలో ఆరో రోజు. రేపు అమావాస్య, ఎల్లుండి నుంచి ఆషాఢం, ఇవాళ దాటితే మళ్లీ నెల దాకా మంచి రోజు లేదు, కాబట్టి తొమ్మిది రిజిస్ట్రేషన్లు. పొద్దున్నే కరెంటు ఒక్క కుదుపు కుదిపి అత్తమ్మ కంప్యూటర్‌ను కాల్చేసింది. దుకాణంలో పొగ, రైటర్ సాబ్ నెత్తిన చేతులు. అప్పుడు నేను లేచి నా లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాను. "ఫికర్ చేయకుండ్రి సాబ్, నేనున్న" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నాకు నేనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది. "ఇయ్యాల గడిపినవంటే నీ నౌకరి పక్కా" అని రైటర్ సాబ్ ఆఫీసులోకి పరుగెత్తారు. అత్తమ్మ నాకు కుర్చీ ఇచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని కాగితాలు సర్దసాగింది.

ముందురోజే నేను అయిదు మీటలకూ పనులు అప్పగించి ఉన్నాను. ఒకటి నొక్కితే "ఇందుమూలముగా" దగ్గర మొదలయ్యే పేరా, రెండు నొక్కితే "ఎవరి ఒత్తిడి, ప్రోద్బలము లేకుండా నా పూర్తి ఇష్టముతో", మూడు నొక్కితే నాలుగు హద్దులు, నాలుగులో చివరి పేరా, అయిదులో సాక్షులు. హద్దుల కోసం ఏదో పాత డాక్యుమెంటు నుంచి ఎత్తి, పేర్లు చెరిపి, ఖాళీలు ఉంచాను. తూర్పు చెరిపాను, పడమర చెరిపాను, ఉత్తరం చెరిపాను, అంతలో మా అమ్మ అన్నానికి పిలిచింది. ఆ రోజు చేపల పులుసు.

ఇక చూడండి నా వేగం! టపటపమని మీటలు నొక్కడం, ఖాళీలు నింపడం, ప్రింటు తీయడం. ఖాళీలు నింపే పనిలో పడ్డ కంటికి నిండి ఉన్న చోటు కనిపించదని నాకప్పుడు తెలియదు. పన్నెండు కాకముందే తొమ్మిదీ అయిపోయాయి. అత్తమ్మ వంక గర్వంగా చూశాను. ఆమె నిజంగానే సంబరపడి, "అబ్బ, ఏం చెయ్యే పిల్లా నీది!" అంది.

సంతకాలకు ముందు డాక్యుమెంటు పైకి చదివి వినిపించడం మా దగ్గర ఆనవాయితీ. అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మొదటిది చదివింది. అమ్మేది పరకాల నుంచి వచ్చిన పెద్దమనిషి, ఊరి బయట ప్లాటు. తూర్పు, పడమర, ఉత్తరం సాఫీగా దాటాయి. "దక్షిణము: బర్రెల కొట్టము." కొనే ఆయన లేచి నిలబడ్డాడు. "ముప్పై ఫీట్ల రోడ్డు అంటివి గదనే? గందుకే గద కొంటాన!" పెద్దమనిషి తెల్లబోయి, "నా తోడు, ఆడ రోడ్డే ఉన్నది. బర్రె ఏడికెళ్లి వచ్చిందో నాకెర్క లేదు" అన్నాడు. అత్తమ్మ నా వంక ఒక్క చూపు చూసి రెండోది తీసింది. అది అపార్ట్‌మెంటులో ఫ్లాటు, మూడో అంతస్తు. దక్షిణము: బర్రెల కొట్టము. దాన్ని కొంటున్న టీచరమ్మ చాలా మర్యాదగా అడిగింది: "లిఫ్టుల తీస్కపోతరా అమ్మా వాటిని?"

తొమ్మిదింటిలోనూ అదే కొట్టం. వరంగల్ చుట్టుపక్కల ఆ రోజు అమ్ముడైన ప్రతి జాగాకూ దక్షిణాన నేను బర్రెలను కట్టేశాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, కొత్త నౌకరి కళ్లముందే గేటు దాటి పోతోంది. అత్తమ్మ మాత్రం "లే బిడ్డా, నేను కూసుంట. హద్దులు ఆఖరి కాగితం మీదనే గద, అదొక్కటి మల్ల కొడితే అయిపాయె" అని కుర్చీలో కూర్చుంది.

కూర్చుందో లేదో, తెర మీద బర్రెల కొట్టం దిగింది. చెరిపాను. మళ్లీ దిగింది. అత్తమ్మ వేళ్లు ముప్పై ఏళ్లుగా కీబోర్డు అంచును తడిమి చోటు పట్టుకుంటాయి. ఆమె చిటికెన వేలు అంచున ఆనించేసరికి అక్కడ నా మూడో మీట ఉంది. నొక్కినప్పుడల్లా నాలుగు దిక్కులూ, ఒక కొట్టమూ. పేజీ నిండా పాడి పెరిగిపోయింది. పరకాల పెద్దమనిషి మెడ సాచి చూసి "ఈనుతాన్నయా ఏంది?" అన్నాడు. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వీటికి ఏం పని చెప్పినవో ఏమో, ముందు వీటి నోరు మూయించు" అంది అత్తమ్మ. వంగి ఒక్కో మీటకూ ఇచ్చిన పని తీసేశాను. అయిదూ మూగవయ్యాయి. నా విద్య అంతా అయిదు నొక్కుల్లో పోయింది. అప్పుడామె నుదుటి మీది బొట్టు బిళ్ల ఒలిచి, అసలు మీటల్లో మొదటిదాని మీద అంటించింది. "నా ఏలుకు ఇల్లు తెల్వాలె గద" అంది. ఇక ఆ వేళ్లు ఆగలేదు.

అప్పుడు చూశాను, ఆమె మొహాల్లోకి ఎందుకు చూస్తుందో. "నీ జాగల నిలబడ్డ అనుకో. దక్షిణం దిక్కు ఏమున్నది?" అని అడుగుతోంది. పెద్దమనిషి కళ్లు మూసుకుని, ఆ ఇరుకు దుకాణంలోనే కుడివైపు తిరిగి (తిరగడంలో ఒక చాయ్ గ్లాసు పడింది) చెయ్యి చాపి, "గిదే రోడ్డు" అన్నాడు. టీచరమ్మ కూర్చున్న చోటే మెడ తిప్పి "కామన్ కారిడార్" అంది. తన జాగా తెలిసిన మనిషి తిరిగి చూపిస్తాడు, తెలియనివాడు తడబడతాడు. ఒకాయన అలాగే తడబడితే అత్తమ్మ ఆగి, పాత దస్తావేజు తెప్పించి, తూర్పూ పడమరా తారుమారైన సంగతి పట్టింది. అది నా పొరపాటు కూడా కాదు, వాళ్లదే. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. అంత పనితనం ఆ తర్వాత నేనెక్కడా చూడలేదు.

ఆరోది అవుతుండగా రైటర్ సాబ్ వచ్చారు. బర్రెల సంగతి అప్పటికే వరుసంతా పాకింది. "ఎవల పని ఇది?" అని గర్జించారు. అత్తమ్మ టైపు ఆపకుండానే, "నాదే సాబ్. కొత్త మిషన్, చెయ్యి తప్పింది" అంది. నేను నోరు తెరవబోతే బల్ల కింద నా కాలు గట్టిగా తొక్కింది. రైటర్ సాబ్ "నీ చెయ్యి తప్పుడా అత్తమ్మా? ముప్పై ఏండ్లల?" అని నవ్వేసి, అయిన కాగితాలు తీసుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం చాయ్ దగ్గర ఏడుస్తూ అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్ అత్తమ్మా?" ఆమె బన్ను ముంచుకుంటూ అంది: "నా ఎన్క ముప్పై ఏండ్ల పని ఉన్నది బిడ్డా, ఒక్క తప్పు పడితే అండ్ల కలిసిపోతది. నీ ఎన్క ఇంకేం లేదు. ఇదొక్కటే నీ పేరయితది."

నౌకరి పక్కా అయింది. మరుసటి నెలలో అత్తమ్మ మానుకుంది. ఆమె కుర్చీలో ఇప్పుడు నేనే ఉన్నాను, నన్నూ వరుసలో కొందరు అత్తమ్మా అనడం మొదలుపెట్టారు (నేను ఊరుకోవడం లేదు). నిరుడు కొన్న లాప్‌టాప్‌లో కూడా అడగని మీట ఒకటి అదనంగా వచ్చింది, నొక్కితే "మీకేం సాయం కావాలి" అంటుంది. మొదటిరోజే దాని నోరు మూయించి, పక్క మీటకు ఒక బొట్టు బిళ్ల అంటించాను.

అయితే మొన్న చాయ్ హోటల్ దగ్గర ఒక కొత్త రైటర్ కథ చెబుతున్నాడు. ఎప్పుడో ఒకామె ముప్పై ఏళ్లు టైపు చేసి, చివరికి మూడో అంతస్తులో బర్రెలను కట్టేసిందట. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికొచ్చాక సిగ్గేసింది. అత్తమ్మకు ఫోన్ చేసి చెబితే, "నవ్వనీయే పిల్లా, నీదేం పాయె?" అంది. ముప్పై ఏళ్ల పనిలో కలిసిపోతుందన్న ఆ ఒక్క తప్పే చివరికి ఆమె పేరుగా మిగిలింది. అందుకే ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు బర్రెల కొట్టము నాది. ఎవరి ఒత్తిడి, ప్రోద్బలము లేకుండా, నా పూర్తి ఇష్టముతో, మీటలన్నీ ఒక్కొక్కటిగా నొక్కి రాసి ఇస్తున్నాను.