చిన్నమ్మ చెప్పని ఓటు

నిన్న సాయంత్రం మా గుమ్మం ముందుకు పళ్ళెం వచ్చింది. అందులో భండారా, అంటే మల్లన్న పసుపు, పైన ఒక మారేడాకు. మా దెగ్లూర్ వైపు పంచాయతీ ఎన్నికలొస్తే ఇదొక తంతు. పసుపు చేతిలోకి ఎత్తి, ఫలానా వాళ్ళకే ఓటేస్తానని ఒట్టు పెట్టాలి. పెట్టాను. పోయినసారి ఇంతకంటే ఘనకార్యం చేశాను, పొద్దున ఒక వర్గానికి, సాయంత్రం ఇంకో వర్గానికి ఎత్తాను. ఎటు పట్టుకోవాలో తెలియక మల్లన్న నన్ను వదిలేసినట్టున్నాడు. మా ఊళ్ళో ఎత్తనన్న మనిషి ఒక్కతే, మా చిన్నమ్మ. ఆమె గుర్తొచ్చి అన్నం సయించలేదు.

చిన్నమ్మది పిండి గిర్నీ. బాబాయి పోయాక ఆమె బతుకంతా దాని మీదే. అక్కడ ఒకటే కాయిదా: ఎవరి జొన్నల డబ్బా ముందొస్తే వాళ్ళదే ముందు. కూలికి పోయేవాళ్ళ డబ్బా ముందుంటే పటేలు గారింటి డబ్బా వెనక ఆగాల్సిందే. ఒకసారి సర్పంచి తన డబ్బాను కాలితో కాస్త ముందుకు జరిపితే, ఆమె గిర్నీ ఆపేసి, అది మళ్ళీ వెనక్కి పోయేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. గిర్నీ తిరిగే చప్పుడులో రెండు వర్గాల వాళ్ళూ అరుచుకుంటూ రాజకీయాలు మాట్లాడుకునేవారు. సగం వినబడదు కనుక తగువు ముదిరేది కాదు. పోయేటప్పుడు అందరి మీసాలూ జొన్నపిండితో ఒకేలా తెల్లబడి ఉండేవి, ఒకరి డబ్బా ఒకరు తలకెత్తేవారు.

పోయిన ఎన్నికల్లో రెండు పళ్ళేలూ ఆమె ముందుకు వెళ్ళాయి. "నేనెత్త. ఎవలకేస్తనో చెప్పేదుంటే ఓట్ల మిషిని సుట్టు గా అట్ట ఎందుకు వెట్టిన్రు?" అంది. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు. ఫలితం వచ్చాక నవ్వు ఆగింది. మా వార్డులో ఒక్క ఓటు తేడా. ఓడినవాళ్ళు ఆ ఓటు ఆమెదే అన్నారు. గెలిచినవాళ్ళేమో, ఒట్టు పెట్టని మనిషి మనకెందుకు వేస్తుంది అన్నారు. వారం తిరిగేసరికి డబ్బాల వరుస లేదు. పనులిచ్చేది ఆ రెండు వర్గాలే కనుక కూలివాళ్ళూ రాలేకపోయారు.

నేను వెళ్ళి బతిమాలాను. "ఎవల్దో ఒకల్ది పేరు చెప్పు చిన్నమ్మా. సగం ఊరన్న అస్తది."

"చెప్తే సగం ఊరస్తది కొడుకా. అచ్చేసారి ఊరందరితోని చెప్పిస్తరు."

నాకు ఏడుపొచ్చింది, ఆమె మీద కోపమూ వచ్చింది. ఇంటికొచ్చి ఏం చేశాను? జొన్నల సంచి బండి మీద కట్టుకుని పక్క ఊరి గిర్నీకి బయలుదేరాను. ఆమె దగ్గర పిండి పట్టిస్తే మా చేనుకు నీళ్ళ వంతు తప్పిస్తామని ఎవరో అన్నారు, అదీ నా సాకు. దారి ఆమె గుమ్మం ముందు నుంచే. తలుపు దగ్గర కూర్చుని ఉంది. ముఖం తిప్పుకుంటుందనుకున్నాను, అదే మేలనీ అనుకున్నాను. "సంచి మూతి గట్టిగ కట్టుకో కొడుకా, జొన్నలు రాల్తున్నయ్" అంది.

మూడు నెలలు ఒట్టి గిర్నీ ముందు కూర్చుంది. చివరికి రాయీ మోటారూ పాతసామాన్ల వాడికిచ్చేసి, నిజామాబాద్ వైపు కూతురింటికి, బీడీలు చుట్టుకుని బతకడానికి పోయింది. బస్సెక్కించడానికి కూడా నేను వెళ్ళలేదు. ఆ రెండు వర్గాల పెద్దలూ కిందటేడు ఒకే పార్టీలో కలిశారు. ఎవరో కొత్తవాడు నిలబడితే వాణ్ణి ఓడించాలని ఇప్పుడు ఒకే బండిలో తిరుగుతున్నారు. ఎవరికి వేస్తావని ఊళ్ళో ఎవరినీ అడగాల్సిన పని లేదు, అడక్కముందే అందరూ చెప్పేస్తున్నాం. ఆ పగ వాళ్ళకు అయిదేళ్ళయినా నిలవలేదు, దాని కింద నలిగిన గిర్నీ మాత్రం నాకు మిగిలిన కాలంలో ఇక తిరగదు.